వెన్నుపాములో క్లోరైడు పద్దు: ప్రాజెక్టు డైరీ

ఎందుకీ మోడల్

నరం దెబ్బతిన్న చోట మెత్తని గుడ్డ తగిలినా భగ్గుమంటుంది. ఆ మంట చర్మంలో పుట్టేది కాదు. వెన్నుపాము వెనక కొమ్ములో స్పర్శకూ నొప్పికీ మధ్య ఉండాల్సిన అడ్డుకట్ట తెగడం వల్ల పుడుతుంది. ఆ అడ్డుకట్ట పని చేసేది గాబా, గ్లైసిన్ అనే రసాయనాలు. అవి తెరిచే ఛానెళ్ల గుండా క్లోరైడు కణంలోకి వస్తే కణం చల్లబడుతుంది. కణంలో అప్పటికే క్లోరైడు పేరుకుపోయి ఉంటే అదే ఛానెల్ కణాన్ని రెచ్చగొడుతుంది.

2003లో కూల్, డి కోనింక్ బృందం సయాటిక్ నరానికి ప్లాస్టిక్ గొట్టం ముక్క తొడిగిన ఎలుకల్లో దీన్ని కొలిచింది. వెనక కొమ్ము మొదటి పొర (లామినా 1) కణాల్లో గాబా ప్రవాహం దిశ మారే వోల్టేజి మామూలుగా −73 మిల్లీవోల్టుల దగ్గర ఉంటే, నరం దెబ్బతిన్నాక −49 దగ్గరికి ఎక్కింది. క్లోరైడును బయటికి తోసే కేసీసీ2 అనే ప్రోటీన్ తగ్గడమే కారణమన్నారు. అదే ఏడాది త్సుదా, ఇనోవే బృందం మైక్రోగ్లియా అనే రక్షణ కణాల మీదుండే పీ2ఎక్స్4 గ్రాహకాన్ని పట్టుకుంది. 2005లో ఈ రెండు కొసలూ కలిశాయి: ఏటీపీ అనే అణువు వచ్చి పీ2ఎక్స్4ను తడితే మైక్రోగ్లియా బీడీఎన్‌ఎఫ్ అనే ప్రోటీన్‌ను వదులుతుంది, అది నాడీకణం మీది ట్రక్‌బీ గ్రాహకానికి అంటుకుంటుంది, కేసీసీ2 పడిపోతుంది.

గొలుసు బాగుంది. ఈ ప్రాజెక్టు అడిగేది ఒక్కటే: కేసీసీ2 తగ్గినంత మాత్రాన ఆ 24 మి.వో. తేడా మొత్తం వస్తుందా? ఒక్క కణం మోడల్, ఒక ల్యాప్‌టాప్, పైథాన్, నాడీకణాలను అనుకరించే బ్రయాన్2 లైబ్రరీ. ఇంతే సరంజామా.

1వ రోజు: కొలతలు

కణాన్ని 20 మైక్రాన్ల వ్యాసమున్న గోళంగా తీసుకున్నాం. ఉపరితలం 1257 చదరపు మైక్రాన్లు. చదరపు సెంటీమీటరుకు 1 మైక్రోఫారడ్ చొప్పున కెపాసిటెన్స్ 12.6 పీకోఫారడ్లు. ఘనపరిమాణం 4.19 పీకోలీటర్లు. అసలు కణానికి కొమ్మలు (డెండ్రైట్లు) ఉంటాయి కాబట్టి కెపాసిటెన్స్ ఇంతకంటే ఎక్కువే ఉంటుంది. ఆ సంగతి 12వ రోజు నాటికి మెడకు చుట్టుకుంది.

బయటి క్లోరైడు 120 మిల్లీమోలార్, బయటి పొటాషియం 3, లోపలి పొటాషియం 140. బైకార్బొనేటు బయట 25, లోపల 15. ఉష్ణోగ్రత 37 డిగ్రీలు, అంటే ఆర్‌టీ/ఎఫ్ విలువ 26.73 మి.వో.

బైకార్బొనేటును వదిలేసి మోడల్ కట్టేవాళ్లు ఎక్కువ. గాబా ఛానెల్ క్లోరైడుతో పాటు బైకార్బొనేటును కూడా పోనిస్తుంది. క్లోరైడుతో పోలిస్తే దాని పారగమ్యతను 0.2గా పెట్టుకున్నాం. అప్పుడు గాబా దిశ మారే వోల్టేజి (ఇకపై ‘గాబా వోల్టేజి’) 26.73 × లాగ్ [(లోపలి క్లోరైడు + 3) / 125]. ఇక్కడ లాగ్ అంటే సహజ లాగరిథమ్. పైథాన్‌లో పదో ఆధారపు లాగ్ వాడేసి, గుణకాన్ని మాత్రం 26.73గానే ఉంచడం మొదటి రోజు తప్పుల్లో అతి సాధారణమైనది. జవాబు −32 దగ్గర వస్తే అదే కారణమని వెంటనే అనుమానించాలి.

లోపలి క్లోరైడు 5 మి.మో. అయితే సూత్రం −73.5 ఇస్తుంది. 17 అయితే −49.0. ఎలుకల్లో కొలిచిన రెండు కొసలకూ ఈ రెండు అంకెలు సరిపోయాయి. కాబట్టి ప్రశ్నను ఇలా తిరగరాసుకోవచ్చు: లోపలి క్లోరైడు 5 నుంచి 17కి ఎలా ఎక్కుతుంది?

ఉష్ణోగ్రత మాట మరో వాక్యంలో. గది ఉష్ణోగ్రతకు తగిన 25.5ను వాడితే అదే 5 మి.మో.కు −70.1 వస్తుంది. మూడు మి.వో. పైగా తేడా. ఈ ప్రాజెక్టులో మూడు మి.వో. చిన్న సంగతి కాదు.

3వ రోజు: పంపు, కారడం

కేసీసీ2 ఏటీపీని నేరుగా ఖర్చు పెట్టదు. పొటాషియం కిందికి జారే ఒరవడితో క్లోరైడును కూడా లాక్కుపోతుంది. లోపలి పొటాషియం × లోపలి క్లోరైడు, బయటి పొటాషియం × బయటి క్లోరైడు సమానమైన చోట అది ఆగుతుంది. పై అంకెలతో ఆ చోటు 2.57 మి.మో. పంపు వేగాన్ని ‘పీ × (లోపలి క్లోరైడు − 2.57)’ అనే సరళరేఖగా పెట్టాం; పీ అంటే పంపు బలం. అసలు ప్రోటీన్ ఇంత సరళం కాదు గానీ, ఇక్కడ ఈ మాత్రం చాలు.

క్లోరైడు లోపలికి కారేది ఎప్పుడూ తెరిచి ఉండే గాబా ఛానెళ్ల గుండా. వాటి క్లోరైడు వాటా 1 నానోసీమెన్స్. కణాన్ని −60 దగ్గర కట్టేసి (వోల్టేజిని స్వేచ్ఛగా వదలకుండా) చేత్తో లెక్క వేస్తే: 5 మి.మో. దగ్గర క్లోరైడు నెర్న్‌స్ట్ వోల్టేజి (క్లోరైడు రాకపోకలు సమానమయ్యే వోల్టేజి) −84.9, తేడా 24.9 మి.వో., ప్రవాహం 24.9 పీకోఆంపియర్లు. ఫారడే సంఖ్యతోనూ ఘనపరిమాణంతోనూ భాగిస్తే సెకనుకు 0.062 మి.మో. క్లోరైడు లోపలికి. 5 దగ్గర నిలకడగా ఉండాలంటే పంపు కూడా అంతే బయటికి తోడాలి. అలా పీ విలువ సెకనుకు 0.0254గా తేలింది.

గుర్తు తప్పు ఇక్కడే జరుగుతుంది. క్లోరైడుది రుణావేశం కాబట్టి బయటికి పోయే విద్యుత్ ప్రవాహం అంటే లోపలికి వచ్చే క్లోరైడు. గుర్తు తిరగబడితే కణం ఖాళీ అవుతూ పోయి, 40 సెకన్ల దగ్గర క్లోరైడు సున్నాను దాటుతుంది. లాగ్ రుణసంఖ్యను మింగలేదు, తెర నిండా ‘నాన్’లు (‘ఇది సంఖ్య కాదు’ అనే గుర్తులు). మెషీన్ అలా అరిస్తే ఒకందుకు మంచిదే. నెమ్మదిగా తప్పు జవాబిచ్చే గుర్తు తప్పులు ఇంతకంటే ప్రమాదం.

5వ రోజు: కేసీసీ2ను కోయడం

వోల్టేజిని −60 దగ్గరే ఉంచి పంపును మాత్రం తగ్గించుకుంటూ వచ్చాం.

సగానికి తగ్గిస్తే క్లోరైడు 6.25కు ఎక్కి, గాబా వోల్టేజి −69.6 అయింది. అంటే సగం కేసీసీ2 పోయినా జరిగింది 4 మి.వో. పావుకు తెస్తే −65.6. పదో వంతుకు తెస్తే క్లోరైడు 9.7, వోల్టేజి −61.1.

పూర్తిగా సున్నా చేసినా −55.5 దాటలేదు. దాటదు కూడా. పంపు లేకపోతే క్లోరైడు తన నెర్న్‌స్ట్ వోల్టేజి పొర వోల్టేజికి సమానమయ్యేదాకా చేరి ఆగుతుంది. −60 దగ్గర ఆ పరిమితి 12.7 మి.మో. పదిహేడుకు చేరే దారే లేదు.

కాబట్టి ‘కేసీసీ2 పోయింది, నిరోధం తిరగబడింది’ అని ఒక్క ముక్కలో చెప్పే కథలో ఇంకో పాత్ర కనిపించకుండా ఉంది. 17 మి.మో. నిలవాలంటే సగటు పొర వోల్టేజి −52 దగ్గరైనా ఉండాలి, లేదా క్లోరైడును లోపలికి మోసే వేరే పంపు ఉండాలి. పద్దులో ఖర్చు తగ్గించినంత మాత్రాన చాలదు, జమ కూడా పెరగాలి.

6వ రోజు: జమ వైపు

ఇవాళ పంపును పదో వంతు దగ్గర ఉంచి మిగతావి కదిపాం. వోల్టేజిని −60 నుంచి −50కి తెస్తే క్లోరైడు 12.6, గాబా వోల్టేజి −55.7. దాని మీద గాబా ఛానెళ్లను 1 నుంచి 3 నానోసీమెన్స్‌కు పెంచితే క్లోరైడు 15.6 దాటి, −50.9. ఎలుకల్లో కొలిచిన −49కు ఇప్పుడు దగ్గరపడ్డాం. మూడూ కలిస్తేనే.

ఇంకో పరీక్ష మరీ ఆసక్తికరం. వోల్టేజి −60 దగ్గరే, పంపు పదో వంతే, గాబా ఛానెళ్లు మాత్రం మూడింతలు. గాబా వోల్టేజి −61.1 నుంచి −57.9కు ఎక్కింది. విశ్రాంతి వోల్టేజికి (ఇక్కడ −60) కింద ఉన్నది పైకి వచ్చేసింది. నిరోధాన్ని పెంచితే ఆ నిరోధమే దిక్కు మార్చుకుంది. పంపు పూర్తిగా ఉన్న కణంలో అదే మూడింతలు చేస్తే −73.5 కాస్తా −67.2 అవుతుంది, అంతే. ఇంకా సురక్షితమే.

దీన్ని చూసి, గాబా ఛానెళ్లను బలపరిచే బెంజోడయజెపిన్ జాతి మందులు పనికిరావని తీర్మానించకూడదు. 2008లో జైల్‌హోఫర్ బృందం వెన్నుపాములోని కొన్ని రకాల గాబా గ్రాహకాలను మాత్రమే బలపరచి ఎలుకల్లో నొప్పి సున్నితత్వాన్ని తగ్గించి చూపించింది. ఛానెల్ తెరుచుకున్నప్పుడు పొర నిరోధకత పడిపోయి, పక్కనుంచి వచ్చే ఉత్తేజాన్ని నీరుగారుస్తుంది. దీన్నే షంటింగ్ అంటారు. వోల్టేజిని కట్టేసిన ఈ దశలో ఆ లాభం లెక్కలోకి రాదు.

8వ రోజు: బ్రయాన్2 మొండికేసింది

వోల్టేజిని వదిలేసే రోజు. సోడియం, పొటాషియం ఛానెళ్లకు హాడ్జ్‌కిన్–హక్స్‌లీ సమీకరణాలు. పాఠ్యపుస్తకంలోని వేగాలు స్క్విడ్ నాడికి, 6.3 డిగ్రీల దగ్గర కొలిచినవి. 37కు మార్చకుండా అతికిస్తే స్పైకు (కణం కొట్టే విద్యుత్ తరంగం) పాకుతూ లేచి పాకుతూ దిగుతుంది. పది డిగ్రీలకు మూడింతల చొప్పున సవరణ 29 రెట్లు వస్తుంది. స్క్విడ్‌ను వదిలేసి, వెన్నెముక జంతువుల కణాలకు తగ్గట్టు రాసిన ట్రాబ్–మైల్స్ రూపాన్ని తీసుకోవడం తేలిక. అదే చేశాం.

తర్వాత, సమీకరణాలను చిన్న కాలపు అడుగుల్లో సాధించే ‘ఎక్స్‌పొనెన్షియల్ ఆయిలర్’ పద్ధతి పెడితే బ్రయాన్2 ఒప్పుకోలేదు. ఆ పద్ధతికి ప్రతి సమీకరణమూ తన చరరాశిలో సరళంగా ఉండాలి. క్లోరైడు సమీకరణంలో క్లోరైడుదే లాగ్ ఉంది. మొత్తాన్ని ఆర్‌కే4 అనే మరో పద్ధతికి మార్చొచ్చు, కానీ క్లోరైడు కదిలేది సెకన్లలో, స్పైకు కదిలేది మిల్లీసెకన్లలో. రెండింటినీ ఒకే అడుగుతో నడపడం దండగ. క్లోరైడును అవకలన సమీకరణంలోంచి తీసేసి, ప్రతి 1 మిల్లీసెకనుకూ ఒకసారి ‘రన్-రెగ్యులర్లీ’తో సవరించాం. ఒక్కో అడుగులో మారేది 0.00006 మి.మో. చుట్టుపక్కలే కాబట్టి దోషం పట్టించుకోనక్కర్లేదు. వోల్టేజికి అడుగు 0.025 మిల్లీసెకన్లు.

బ్రయాన్2 ప్రమాణాలను (మి.వో., నానోసీమెన్స్ వగైరా) తనే సరిచూస్తుంది. మొదట్లో విసుగు పుట్టిస్తుంది గానీ ఒక మిల్లీ, ఒక మైక్రో జారిపోయిన చోటల్లా పట్టిస్తుంది. ఈ అలవాటు లేని నంపై (పైథాన్ గణిత లైబ్రరీ) స్క్రిప్టుల్లో మిల్లీమోలార్ బదులు మోలార్ పడి, వెయ్యింతలు తప్పిన లెక్క ఎవరికీ తెలియకుండా వారాల తరబడి బతికేస్తుంది.

9వ రోజు: తొందరపడి కోసిన పంట

కేసీసీ2 పదో వంతున్న కణాన్ని 60 సెకన్లు నడిపి, ‘నిలకడ విలువ’ అని రాసుకున్న అంకె 7.3 మి.మో., −66.7 మి.వో. చేతిలెక్క 9.7, −61.1 అంటోంది. కోడ్‌లో తప్పు వెతికితే దొరకలేదు. తప్పు గడియారంలో ఉంది.

పంపు బాగున్నప్పుడు క్లోరైడు నిలదొక్కుకునే కాలస్థిరాంకం 26 సెకన్లు. పంపు పదో వంతుకు పడినప్పుడు నిలకడ దగ్గర అది 107 సెకన్లు. జబ్బు కణం చేరాల్సిన చోటికే నెమ్మదిగా చేరుతుంది. అందుకే ఇప్పుడు ప్రతి పరుగూ 600 సెకన్లు. ల్యాప్‌టాప్‌కు అది 2 కోట్ల 40 లక్షల అడుగులు, ఓర్చుకోదగ్గది.

వెన్నుపాము స్లైసు (పలచని ముక్క) మీద పనిచేసేవాళ్లకూ ఇదే పాఠం వర్తిస్తుంది. గాబాను వరసగా కొట్టి క్లోరైడు నింపి, అది ఎంత వేగంగా ఖాళీ అవుతుందో చూస్తే పంపు బలం తెలుస్తుంది. నిలకడ విలువ ఒక్కటే కొలిస్తే పంపు తగ్గిందా, కారడం పెరిగిందా అన్నది విడిపోదు. కొలిచే పద్ధతి కూడా ముఖ్యం: కణానికి అతికించే మామూలు పిపెట్ తన క్లోరైడునే కణంలో నింపేస్తుంది కాబట్టి అసలు విలువ చెరిగిపోతుంది. గ్రామిసిడిన్ అనే యాంటీబయాటిక్ పొరలో చేసే రంధ్రాలు క్లోరైడును పోనివ్వవు, అందుకే 2003 కొలతలు దాంతో చేశారు.

10వ రోజు: ఉత్తేజం వైపు రసాయనాలు

ఉత్తేజపరిచే రసాయనమైన గ్లూటమేటుకు ఎన్‌ఎండీఏ గ్రాహకం పెట్టాం. మెగ్నీషియం దాని నోరు మూసి ఉంచుతుంది, వోల్టేజి ఎక్కేకొద్దీ మూత వదులవుతుంది. 1990లో జార్, స్టీవెన్స్ ఇచ్చిన సూత్రంతో, 1 మి.మో. మెగ్నీషియంకు తెరిచి ఉన్న వాటా −70 దగ్గర 4.4 శాతం, −60 దగ్గర 8, −50 దగ్గర 14, −40 దగ్గర 23. గాబా దిక్కు మారి కణం పది మి.వో. ఎక్కితే ఎన్‌ఎండీఏ దాదాపు 1.7 రెట్లు పెరుగుతుంది. అది వోల్టేజిని ఇంకా ఎక్కిస్తుంది, వోల్టేజి ఎక్కితే క్లోరైడు ఇంకా వస్తుంది. 5వ రోజు కనిపించకుండా ఉన్న పాత్ర ఇదే.

సబ్‌స్టెన్స్ పీ అనే నొప్పి రసాయనం తన ఎన్‌కే1 గ్రాహకం ద్వారా నెమ్మదైన ప్రవాహాన్ని ఇస్తుంది. తగ్గే కాలాన్ని 10 సెకన్లుగా పెట్టాం. సీ-ఫైబరును (నొప్పిని మోసే సన్నని నరపు పోగును) రెండు సెకన్లకోసారి కొడితే ఒకదాని మీద ఒకటి పడి చివరికి 5.5 రెట్ల దగ్గర నిలుస్తుంది, పదో దెబ్బకే 4.8 రెట్లు. పది సెకన్లకోసారి కొడితే 1.6 రెట్లే. 1966లో మెండెల్ పేరుపెట్టిన ‘వైండప్’ (వరస దెబ్బలకు స్పందన పెరుగుతూ పోవడం) ఎడంగా కొడితే ఎందుకు రాదో ఈ చిన్న గుణశ్రేణే చెప్పేస్తుంది.

12వ రోజు: కొమ్మలు

గోళానికి ఉపరితలం, ఘనపరిమాణాల నిష్పత్తి మైక్రానుకు 0.3. ఒక మైక్రాను వ్యాసమున్న కొమ్మకు 4. పదమూడింతలు. ఛానెళ్లూ పంపులూ చదరపు మైక్రానుకు ఒకే సాంద్రతలో ఉంటే చివరికి చేరే క్లోరైడు విలువ మారదు, కానీ 26 సెకన్ల పని 2 సెకన్లలో అవుతుంది. సినాప్సులు ఎక్కువగా ఉండేది కొమ్మల మీదే కాబట్టి, కాసేపు గట్టిగా గాబా కురిస్తే అక్కడ క్లోరైడు తక్షణం పోగవుతుంది. గోళం మోడల్‌లో కనిపించే నిదానాన్ని కణమంతటికీ అంటగట్టకూడదు. కొమ్మ, గోళం కలిపి రెండు గదుల మోడల్ రాసేదాకా, కొద్ది సెకన్ల లోపల జరిగే సంగతులపై ఈ కోడ్ మాట నమ్మొద్దని ఫైలు మొదట్లోనే వ్యాఖ్య రాసి పెట్టాం.

14వ రోజు: బీడీఎన్‌ఎఫ్‌ను తగిలించడం

కేసీసీ2 తగ్గేది గంటల్లో, రోజుల్లో. 24 గంటలను 0.025 మిల్లీసెకన్ల అడుగులతో నడిపితే 345 కోట్ల 60 లక్షల అడుగులు. ఆ పని పెట్టుకోలేదు. బీడీఎన్‌ఎఫ్ స్థాయిని మెట్లుగా విడగొట్టి, ఒక్కో మెట్టుకు పీ విలువ స్థిరంగా ఉంచి 600 సెకన్ల పరుగు తీసి, వచ్చిన క్లోరైడును తర్వాతి మెట్టుకు ఆరంభ విలువగా ఇచ్చాం. ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి. రెండు దారులూ ఒకే గీత మీద పడాలని ముందుగానే అనుకుని ఎక్కే దారిని మాత్రమే నడిపితే, 10వ రోజు చెప్పిన ఎన్‌ఎండీఏ–వోల్టేజి–క్లోరైడు చక్రం వల్ల కణం పైనే ఇరుక్కుపోయే అవకాశాన్ని చూడకుండానే వదిలేసినట్టవుతుంది.

ఈ భాగానికి ఒక హెచ్చరిక తగిలించక తప్పదు. 2015లో సోర్జ్ బృందం మగ ఎలుకల్లో నొప్పి సున్నితత్వం మైక్రోగ్లియా మీద ఆధారపడుతుందనీ, ఆడ ఎలుకల్లో ఆ దారి వేరనీ చూపించింది. కేసీసీ2 తగ్గడం మాత్రం రెండింటిలోనూ ఉందని 2019లో తేలింది. కాబట్టి ఏటీపీ నుంచి బీడీఎన్‌ఎఫ్ దాకా ఉన్న ముక్కను వేరే ఫైల్లో పెట్టి ‘మగ’ అని పేరు తగిలించాం. క్లోరైడు ముక్క ఉమ్మడి.

16వ రోజు: మీటలు కదపడం

కేసీసీ2 పదో వంతు, గాబా 1 నానోసీమెన్స్ ఉన్న కణంలో.

నరాల నొప్పికి ఇచ్చే గాబాపెంటిన్ కాల్షియం ఛానెళ్ల ఆల్ఫా2డెల్టా-1 ఉపభాగానికి అంటుకుంటుంది. మోడల్‌లో దాన్ని గ్లూటమేటు విడుదల తగ్గడంగా పెట్టాం. క్లోరైడు పంపును ముట్టుకోదు. అయినా సగటు వోల్టేజి −50 నుంచి −60కి దిగితే గాబా వోల్టేజి −55.7 నుంచి −61.1కి దిగుతుంది. ఉత్తేజం మీద పనిచేసే మందు నిరోధాన్ని బాగుచేసింది.

ఎసిటజోలమైడ్ అనే మందు, బైకార్బొనేటును తయారుచేసే కార్బోనిక్ అన్‌హైడ్రేజ్ ఎంజైమును ఆపుతుంది, లోపలి బైకార్బొనేటు తిరిగి నిండడం నెమ్మదిస్తుంది. ఉదాహరణకు దాన్ని 15 నుంచి 8కి తెస్తే, −60 దగ్గర −61.1 ఉన్నది −64.2 అయింది. మూడు మి.వో. మాత్రమే, కానీ విశ్రాంతి వోల్టేజికి ఇంత దగ్గరగా ఉన్నప్పుడు ఆ మూడూ విలువైనవే.

బయటి పొటాషియంను 3 నుంచి 6కు పెంచితే పూర్తి పంపున్న కణంలోనే క్లోరైడు 6.8కి ఎక్కి −68 వచ్చింది. ప్రోటీన్ చెక్కుచెదరకపోయినా. కణాలు గుంపుగా మోగుతున్నప్పుడు బయట పొటాషియం పేరుకుంటుంది కాబట్టి, ఒంటరి కణం మోడల్ నష్టాన్ని తక్కువ చేసి చూపిస్తోందని అనుమానించాలి.

ప్రస్తుతం బల్ల మీద ఉన్నవి

సీ-ఫైబరు చివళ్లకు ఈ పంపునే అతికించబోయి ఆగాం. అవి వెన్నుపాము కణాలు కావు, వెన్నుపాము బయట ఉండే గాంగ్లియాన్ (నాడీకణాల ముడి) కణాల తోకలు. వాటిలో ఎన్‌కేసీసీ1 అనే మరో పంపు క్లోరైడును లోపలికే మోస్తుంది, ఆరోగ్యంగా ఉన్నప్పుడు కూడా గాబా వాటిని పైకే లేపుతుంది. ఆ లేపడమే అక్కడ విడుదలను తగ్గించే పద్ధతి. వాటికి ప్రత్యేకంగా ఒక గది, గుర్తు మార్చిన పంపు, విడిగా ఒక బైకార్బొనేటు పద్దు కావాలి. గోళం ఫైలును ఇక్కడితో ముట్టుకోకుండా పక్కన పెట్టి, రెండు గదుల ఫైలును 1 మైక్రాను కొమ్మతో మొదలుపెడుతున్నాం. మొదటి పరీక్ష వోల్టేజిని కట్టేసే జరగాలి. చేతిలెక్కతో 5 మి.మో. వచ్చేదాకా స్పైకు సమీకరణాలు తగిలించేది లేదు.